ఎడమ పక్కన కరెంటు వైరు

లక్ష్మణ్ బామ్మర్ది కాకపోయి ఉంటే కైలాసం ఈపాటికి వాడి దవడ పండ్లు రెండు రాలగొట్టి ఉండేవాడు. బామ్మర్ది అయిన పాపానికి వాడి కారు బానెట్టు ఎత్తి, పానాతో బ్యాటరీ మైనసు ఊడదీసి, మళ్లీ ఎక్కడా తగలకుండా దాని మూతికి సైకిలు ట్యూబు ముక్క తొడిగి, ఎర్ర వైరు చుట్ట భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఎంత సులువుగా వచ్చాడో చూడు. మంచిర్యాలలో ఈ చెన్నూరు రోడ్డు పొడుగునా కార్లకు పాటల పెట్టెలు పెట్టే దుకాణాలు ఎన్ని లేవు, అద్దాల తలుపులవి, ఏసీలవి. అవన్నీ దాటుకుని తిన్నగా ఈ రేకుల షెడ్డు ముందుకే తెచ్చి ఆపాడు. "బావా, రేపు జైనూర్‌ల పెండ్లి ఉన్నది, బరాత్ మనదే. డిక్కీల ఆంప్లిఫయర్, బూఫర్ పెట్టిన గని వైరు గుంజలే. జర మంచిగ గుంజియ్యి, నేను బిర్యానీ తినొస్త" అన్నాడు, మధ్యలో నాలుగేండ్లు మాటల్లేని సంగతే లేనట్టు, నిన్ననే ఇద్దరూ ఒక ముంతలో కల్లు తాగినట్టు. తాళం చెవి బల్ల మీద పడేసి, చెప్పులు టపటపలాడించుకుంటూ పోయాడు. పోతే పోయాడు, ఆ బిర్యానీలో బొక్క గొంతుకు అడ్డం పడ్డా బాగుండు. కానీ కారులో ముందు సీట్లో, ఎడమ పక్కన, అక్కను కూర్చోబెట్టి పోయాడు.

ఆ అక్క స్వరూప, కైలాసం భార్య. నాలుగేండ్ల కింద పెట్టె సర్దుకుని చెన్నూరులో తమ్ముని ఇంటికి పోయిన మనిషి. పో, నీ తమ్మునింటికే పో అని తనే అన్నాడు, కాదనడు. కోపం మీద ఏ మొగుడు అనడు, అన్నప్పుడల్లా ఆడవాళ్లు వెళ్లిపోతే మంచిర్యాలలో సగం ఇండ్లకు తాళాలే కనబడేవి. సాయంత్రానికి వస్తుందనుకున్నాడు. ఆ సాయంత్రం ఇద్దరికి సరిపడా అన్నం వండి పెట్టాడు కూడా. బిడ్డ దీపిక కరీంనగర్‌లో నర్సింగు చదువుకుంటూ సెలవులకు ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతుంది. అక్కడి సంగతి ఇక్కడ చెప్పదు, ఇక్కడిది అక్కడ చెప్పదు, గట్టి పిల్ల. ఇప్పుడు ఆ స్వరూప చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. కారు దిగదు. ఎండ రేకులను పెనంలా కాలుస్తోంది, ముందర కట్టిన టార్పాలిన్ పట్టా నీడ సగం కారుకే వస్తోంది, బొగ్గు లారీ పోయినప్పుడల్లా నల్లదుమ్ము లేస్తోంది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది గాని దిగదు. ఈ షెడ్డు తెరిచిన నాడు మొదటి కొబ్బరికాయ కొట్టిన చెయ్యి ఆమెదే. ఇవాళ గడప తొక్కనంటుంది. అనలేదు నిజానికి, ఏమీ అనలేదు. కైలాసం స్టూలు తెచ్చి తలుపు పక్కన వేసి, దాని మీద చెంబుతో నీళ్లు పెట్టాడు. ఆమె చెంబు వైపు చూసింది, అతడు బానెట్టు వైపు చూశాడు. అంతవరకే. తనకు ఏం కావాలి ఆమె నుంచి? కాళ్ల మీద పడాలా, శోకాలు తీయాలా? ఏమీ వద్దు. ఆ జీపు కాలినదాంట్లో నీ వైరు తప్పు లేదు అని ఒక్క మాట అంటే చాలు. ఊరంతా అనకపోయినా సరే, ఉట్నూర్ అంతా తననే అన్నా సరే, ఆ నోటి నుంచి ఆ ఒక్క మాట రావాలని నాలుగేండ్లుగా పొద్దున లేచింది మొదలు చెవులు రిక్కించుకుని ఉన్నాడు.

బ్యాటరీ ప్లస్సు దగ్గర మొదలైన వైరు మూరెడు పోకముందే ఫ్యూజు పడాలి. ఇది ఎవరూ పుస్తకంలో చూపించలేదు, చెయ్యి కాలి నేర్చుకున్నాడు. ఫ్యూజుకు ముందున్న ముక్కకు కాపలా లేదు. అది ఎక్కడన్నా ఇనుముకు తగిలిందంటే బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ ఒక్క చోటనే కక్కుతుంది. అందుకే మూర కొలిచి, కోసి, కొస ఒలిచి, ఫ్యూజు డబ్బాను కదలకుండా బిగించాడు, ఫ్యూజు మాత్రం పెట్టలేదు, అది అన్నిటికన్నా ఆఖరున. ఆ జీపుకూ ఇట్లాగే పెట్టాడు. దేవుని మీద ఒట్టు, ఇట్లాగే, ఇదే చేత్తో. లక్ష్మణ్ అప్పుడు ఉట్నూర్‌లో ఒక ఆసామి జీపు నడిపేవాడు, ఉట్నూర్ జైనూర్ నడుమ మనుషులను మక్కబస్తాల్లా కుక్కుకుని తిరిగేవాడు. బరాత్‌లకు కిరాయి దొరుకుతుందని బతిమాలి సౌండు పెట్టించుకున్నాడు. పెట్టినదానితో ఊరుకున్నాడా, ఎవడి దగ్గరో ఇంకో రెండు స్పీకర్లు తెచ్చి తగిలించాడు. ఒక పెండ్లిలో నడిబజారులో ఫ్యూజు పోయింది. పాట ఆగింది, ఎగిరేవాళ్లు ఆగారు, తాగినవాళ్లు తిట్టారు, పెండ్లికొడుకు మామ చెయ్యి లేపాడు. ఫ్యూజు ఎందుకు పోయిందని చూస్తే వాడు లక్ష్మణ్ ఎందుకవుతాడు? సిగరెట్టు డబ్బాలోని వెండిపన్నీ చించి, ఫ్యూజుకు చుట్టి, లోపలికి తోసేశాడు. పాట మోగింది. గుట్ట మలుపులో జీపు అంటుకుంది. అందరూ దూకారు, ఎవరికీ ఏమీ కాలేదు, జీపు మాత్రం రేకు మిగిలింది. చూడబోయిన కైలాసానికి కరిగిన ఫ్యూజు డబ్బాలో ఆ పన్నీ ముద్ద కండ్లారా కనబడింది. చెప్పాడు. ఎవరు విన్నారు? "బావ గుంజిన వైరే కాలింది" అన్నాడు లక్ష్మణ్ పదిమందిలో, తల వంచుకుని, పాపం అమాయకుడు. ఆ పదిమందిలో స్వరూప కూడా నిలబడి ఉంది. నోరు విప్పలేదు. నెల తిరగకముందే చెన్నూరు భూమి అమ్మి జీపు ఆసామికి కట్టింది. ఆమె పేరు మీదనే ఉంది మరి. కైలాసం ఏండ్ల తరబడి కార్ల కింద పడుకుని సంపాదించి కొన్న భూమి. పట్టా ఎవరి పేరు మీద అని అడిగితే ఆమె పేరే రాయండి అన్నాడు, ఆ రోజు అట్లా అనడంలో ఎంత సంబరం ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. అమ్మేటప్పుడు అడగలేదు. తమ్ముణ్ణి కాపాడుకుంది. మొగుని మాట గాలికి పోయింది.

ఇంజను వైపు నుంచి కారు లోపలికి రావాలంటే నడుమ ఇనుప గోడ ఉంటుంది. దానికి కంపెనీవాడు పెట్టిన బొక్క ఒకటి ఉంటుంది, చుట్టూ రబ్బరు బుష్‌తో. కొందరు తొందరగాళ్లు కొత్త బొక్క కొట్టి ఉత్త ఇనుములోంచి వైరు దూరుస్తారు. బండి అదిరినప్పుడల్లా ఆ అంచు వైరు తొడుగును కొద్దికొద్దిగా కొరుకుతుంది, ఎవరికీ వినబడదు, కనబడదు, ఒకరోజు రాగి తేలుతుంది. కైలాసం ఫ్యానుకు దూరంగా, పొగగొట్టం వేడి తగలకుండా వైరును మలిపి, దానికి ముడతల గొట్టం తొడిగి, అక్కడక్కడా నూలుదారంతో కట్టాడు. ప్లాస్టిక్ పట్టీలు ఉన్నాయి, అయినా దారమే అతని చేతికి అలవాటు. సిరిసిల్లలో బాపు సాంచె మీద బట్ట నేసేవాడు, మరమగ్గాన్ని సాంచె అంటేనే అక్కడ ఎవరికైనా తెలుస్తుంది, పగలూ రాత్రీ ఆ టకటకలోనే కైలాసం పుట్టి పెరిగాడు, ఆరో తరగతి నడుమ బడి మానేసి తెగిన పోగులు అతకడానికి నిలబడ్డాడు. ఉత్త ముడి వేస్తే బాపు ఊరుకునేవాడు కాదు. "పోగు ఏడ ఒరుసుకున్నదో ముందు చూడుర బిడ్డా, ముడి ఎవడన్న ఏస్తడు" అనేవాడు. ఆ మాట చెవిలో పడి ఉన్నందుకే బండ్ల పని నిలబడింది. ఇంటి పని మాత్రం నిలబడలేదు. ఎక్కడ ఒరుసుకుందో చూడలేదు తను. భూమి దగ్గరేనా? అంతకు ముందేమైనా ఉందా? తను ఆమె తమ్ముడిని మాట అన్నప్పుడల్లా ఆమె గాజులు వెనక్కి తోసుకుని పనిలో పడిపోయేది, తనేమో ఊరుకుంది కదా అని ఇంకో నాలుగు అనేవాడు. రబ్బరు బుష్‌కు సబ్బునీళ్లు రాసి వైరు తోస్తే సర్రున లోపలికి పోయింది. దాని కొస ఇప్పుడు కారులోపల, ఆమె కాళ్ల దగ్గర తేలి ఉంటుంది.

కుడివైపు గుంజొచ్చు కదా అనిపించింది, ఒక్క క్షణం. కుదరదు. కుడివైపు స్టీరింగు కడ్డీ, బ్రేకు, క్లచ్చు. వైరు వదులై వాటికి చుట్టుకుందంటే మనిషి ప్రాణం పోతుంది. పైగా పాట వచ్చే సన్న వైరు అటే పోవాలి. కరెంటు వైరూ పాట వైరూ పక్కపక్కన పోతే దీని గుయ్యిమనే రొద దాంట్లోకి ఎక్కుతుంది, ఇంజను లేపినకొద్దీ స్పీకరులో దోమ ఏడ్చినట్టు ఏడుస్తుంది. తప్పనిసరై ఒకచోట కలిస్తే పడుగుకు పేక అడ్డం పడ్డట్టు అడ్డంగా దాటాలి, వెంబడి నడవొద్దు. కాబట్టి కరెంటు ఎడమకే. ఎడమకు ఆమె ఉంది. కైలాసం తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. నాలుగేండ్ల తర్వాత భార్యతో మొదట అనవలసిన మాట ఏదై ఉండాలని ఎన్నిసార్లు అనుకున్నాడో, పడుకుని, లేచి, బస్సులో, బజారులో. ఒకసారి తిట్టు అనుకున్నాడు, ఒకసారి బాగున్నవా అనుకున్నాడు.

"కాళ్లు జర మీదికి పెట్టుకో" అన్నాడు.

ఆమె చెప్పులు విడిచి రెండు కాళ్లూ సీటు మీదికి తీసుకుని, చీర కుచ్చిళ్లు మోకాళ్ల కింద దోపుకుంది. అతడు గడప మీది ప్లాస్టిక్ పట్టీని మెల్లగా లేపి, కింద పరిచిన మందపాటి గుడ్డను వెనక్కి మడిచాడు. ఆమె పాదాలు ముఖానికి జానెడు దూరంలో ఉన్నాయి. మడమలు పగిలాయి, ఇంతకు ముందు ఇంత పగులు లేదు. మెట్టెలు ఉన్నాయి. ఎడమ బొటనవేలి గోరు ఇంకా వంకరగానే పెరిగింది, షెడ్డు పెట్టిన ఏడు దాని మీద జాకీ పడ్డప్పుడు ఆమె ఏడవలేదు, తనే ఏడ్చినంత పని చేశాడు, ఎత్తుకుని ఆటోలో వేసుకుపోయాడు. ఈ కాళ్లకు గోదావరి ఒండ్రు అంటుకుని ఉండేది ఆదివారాలు. పొద్దున బండి మీద చెన్నూరు పోయి, ఆ భూమిలో పెసర్లో మక్కలో వేసి, ఒడ్డు మీద కంకులు కాల్చుకుని తిని, ఏమీ చెయ్యకుండా కూర్చునేవాళ్లు, నది గాలికి ఆమె వెంట్రుకలు నోట్లో పడేవి. ముసలితనానికి ఇక్కడ ఒక అర్ర, ఒక్క గది చాలు, వేసుకుందాం అని ఆమె అనేది. బోరు ముందు, అర్ర తర్వాత అని తను అనేవాడు. బోరూ లేదు, అర్రా లేదు. ఇప్పుడు అందులో ఎవరో పత్తి పెడుతున్నారట. ఆ దారిన పోకుండా రెండు మైళ్లు చుట్టూ తిరిగి పోతాడు చెన్నూరులో ఏ పనున్నా. పట్టీ కింద వైరును సాపుగా పరుస్తూ, ఎక్కడా మెలి లేకుండా, సీటు జరిగే ఇనుప పట్టాల కింద నలగకుండా, వేళ్లతో తడుముతూ పోతున్నాడు. చెమట కంట్లో పడింది. తుడుచుకుంటే ఏమనుకుంటుందోనని తుడుచుకోలేదు.

వెనక సీటు కిందికి వచ్చేసరికి కష్టం. అక్కడ చెయ్యి పట్టదు. పాత క్లచ్చు వైరుకు ఎర్ర వైరు కొస కట్టి ముందు నుంచి తోస్తే డిక్కీలో తేలాలి. ఒక్కడే ఉంటే తోసి, లేచి, చుట్టు తిరిగిపోయి చూసి, రాకపోతే మళ్లీ వచ్చి వంగి తోయాలి. ఈ నాలుగేండ్లు అట్లాగే చేస్తున్నాడు. పనిపిల్లలను పెట్టుకుంటే నిలవరు, తన నోటికి. అంతకుముందు డిక్కీ దగ్గర ఆమె ఉండేది. వంటింట్లో కూర దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడేది. తను సీటు కింద తల పెట్టి అరిచేవాడు, వచ్చిందా? రాలే. ఇప్పుడు? జర ఎడమకు. ఇప్పుడు? ఎన్ని కార్లకు, ఎన్ని జీపులకు, ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా ఎన్ని మాటలు. ఆ మాటలనే కాపురం అంటారని అప్పుడు తెలియదు. క్లచ్చు వైరు తోశాడు. ఎక్కడో తట్టుకుంది. వెనక్కి తీసి మళ్లీ తోశాడు. ముందు తలుపు చప్పుడైంది. పట్టా నీడలోంచి అడుగుల చప్పుడు. దిగిపోయింది. వేడికో, విసుగుకో, ఎటో పోయింది, పోనీ. బస్సెక్కి పోయినా పోతుంది, మొండిది. సీటు కింద చీకట్లో దుమ్ము వాసన, ఎవరో పారేసిన పల్లికాయ పొట్టు. చెయ్యి నొప్పి పెడుతోంది. ఇంకోసారి తోశాడు, ఈసారి ఏ తగులూ లేకుండా పోయింది, పోయి, అటు నుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగిసింది.

"వచ్చింది" అంది స్వరూప, డిక్కీ దగ్గర నుంచి.

కైలాసం తల ఎత్తబోయి సీటు ఇనుముకు కొట్టుకున్నాడు. కొట్టుకున్న చోట రుద్దుకున్నాడు. తర్వాత అన్నాడు, "మెల్లగ గుంజు. సీటు మూల కాడ ఒరుసుకుంటది."

"ఎరుకే. నాకు చెప్తున్నవా?"

వైరు అతని వేళ్ల సందులోంచి కదిలి అటు పోతోంది. ఆమె గుంజుతోంది, ఇతడు వదులుతున్నాడు.

"లక్ష్మణ్ ఉగాది నాడు తాగి ఏడ్చిండు" అంది ఆమె. ముఖం కనబడదు. "పన్నీ చుట్టిన అక్కా, బావ మీద ఏసిన అని."

"అంటె గిప్పుడు ఎరుకైంది నీకు. ఆడు చెప్తెనే."

"నాకు అప్పుడే ఎరుక. నువ్వు గుంజిన వైరు కాలది. ఎన్ని బండ్లకు పట్టలే ఈ కొస నేను?"

ఆ మాట. అదే మాట. ఎంతో ఎదురుచూసినది వస్తే ఒంట్లో ఏదో జరుగుతుందనుకున్నాడు. ఏమీ జరగలేదు, చేతిలో వైరు కదలడం ఆగింది, అంతే. కోపం మాత్రం లేచింది, దానికి వేరే తెలివి లేదు కాబట్టి. "ఎరుకుండి గూడ భూమెందుకు అమ్మినవు మల్ల? ఆన్ని బచాయించెటందుకా?"

"జీపాయన కేసు పెడ్తనన్నడు. లక్ష్మణ్ మీద గాదు. వైరు గుంజినోని మీద. పోలీసోళ్లు వచ్చి షెడ్డు కాడికెల్లి నిన్ను తీస్కపోతరని చెప్పి పంపిండు."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తె ఏం జేద్దువు? ఉట్నూర్ పోయి ఆయన గల్ల వట్టుదువు. ఒక్క కేసు రెండైతుండె."

నిజంగానే పట్టుకునేవాడు. "అమ్మినంకనన్న చెప్పొద్దానే?"

"చెప్పనిచ్చినవా? నోరు తెరిస్తె పో అన్నవు. పోయిన. మల్ల రా అన్నవా? బిడ్డతోనన్న ఒక్క మాట పంపినవా?"

కైలాసం డిక్కీ దగ్గరికి వచ్చాడు. ఆమె కొస పట్టుకునే ఉంది, నేలకు తగలకుండా. ఆ కొస అందుకుని ఆంప్లిఫయర్‌కు బిగించి, సన్న పాట వైరును కుడివైపు నుంచి తెచ్చి కలిపి, ఆంప్లిఫయర్ మైనసు వైరుకు దగ్గరలోనే ఇనుము చూసుకుని, రంగు గీకి, తళతళమనే దాకా రుద్ది, బోల్టు బిగించాడు. ఇదంతా చేస్తున్నంతసేపూ ఒక మాట నాలుక కొస మీద ఉంది. రెండే అక్షరాలు కూడా కావు. నోట్లో స్క్రూలు పెట్టుకుని ఉన్నాడు, అలవాటు ప్రకారం, అవి ఒక్కొక్కటే తీసి బిగించాడు, ఆఖరుది కూడా అయిపోయింది, నోరు ఖాళీ అయింది, అయినా ఆ మాట రాలేదు. ఆమె చెంబెత్తి నీళ్లు తాగింది. సగం తాగి చెంబు అతని వైపు చాపింది. అప్పుడే లక్ష్మణ్ పండ్లు కుట్టుకుంటూ వచ్చాడు.

"అయ్యిందా బావా? మా అక్క పోరు పడలేక వచ్చిన నీ కాడికి. అద్దాల దుకాన్ల ఏపిస్తనంటె, బావ ఏస్తెనే కారెక్కుత, లేకుంటె పెండ్లికి బస్సుల పోత అన్నది."

"నోరు మూసుకొని కూసో" అంది స్వరూప.

కైలాసం బ్యాటరీ మైనసు తగిలించి, అన్నిటికన్నా చివర ఫ్యూజు పెట్టాడు. లక్ష్మణ్ ఏదో బరాత్ పాట పెట్టాడు, ఇంజను లేపాడు, రొద లేదు, గుయ్యిమనడం లేదు, పాట ఒక్కటే డిక్కీలోంచి గుండె మీద కొట్టినట్టు వచ్చింది. "ఏం చేసినవు బావా" అని మెచ్చుకోబోయాడు. కైలాసం వాడి భుజం పట్టుకున్నాడు. "ఫ్యూజు పోతే పాట బంద్ పెట్టి నాకు ఫోన్ జెయ్యి. పన్నీ గిన్నీ అన్నవంటె తోలు తీస్త." లక్ష్మణ్ ముఖం పాలిపోయింది, అక్క వైపు చూశాడు. ఆమె రోడ్డు వైపు చూస్తోంది. "మల్ల పది దినాలకు తీసుకరా. ఏజెన్సీ రోడ్ల మీద స్క్రూలు వదులైతయి, బిగియ్యాలె."

"గంత దూరం ఎందుకు బావా, చెన్నూర్‌లనే బిగిపిచ్చుకుంట."

"ఇంకోడు ముట్టద్దు" అన్నాడు కైలాసం, వాడితో కాదు.

"తెస్తం" అంది స్వరూప. తెస్తడు అనలేదు. కారెక్కి కాళ్లు కింద పెట్టుకుని, తలుపు తనే వేసుకుంది.

కారు బొగ్గు లారీల నడుమ దూరి చెన్నూరు వైపు పోయింది. పాట కాసేపు వినబడి ఆగిపోయింది, ఆమె తగ్గించమని ఉంటుంది, ఆమెకు ఎక్కువ చప్పుడు పడదు. రా అనే ఒక్క మాట ఇప్పుడు వచ్చింది నోటి దాకా, కారు కనబడకుండా పోయిన తర్వాత, రోడ్డు మీద వేడి మసక తప్ప వినేవాళ్లు లేనప్పుడు. పక్క హోటలు గట్టయ్య చాయ గ్లాసు పట్టుకుని వచ్చాడు. ఈ రోడ్డు మీద కైలాసం గోస వినని మనిషి లేడు. గట్టయ్య అందరికన్నా ఎక్కువ విన్నాడు. నాలుగేండ్లలో కైలాసం నోట్లో ఆ భూమి పెరుగుతూ వచ్చింది, మొదట్లో ఎకరం, నిరుడు ఎకరంనర, బోరు కూడా వేసినట్టే చెప్పేవాడు.

"గీ పోరడేనా కైలాసం, నిన్ను ముంచినోడు?" అన్నాడు గట్టయ్య. "ఎంత వోయింది నీది, రెండెకరాలా?"

కైలాసం చాయ అందుకున్నాడు. తాగలేదు.

"లేదన్నా" అన్నాడు. "ఎకరం గూడ గాదు, ఇరవై ఆరు గుంటలు."